సన్మానసభలో శిలాదండన

శోణగిరి నగరం తూర్పు వాకిలి ఎదుట, ఎర్రని కొండరాతితో కట్టిన విజయమంటపం ఆ ఉదయం పెళ్లిపందిరిలా ముస్తాబై ఉంది. స్తంభస్తంభానికీ మామిడాకుల తోరణాలు, వాటి మధ్య బంతిపూల కుచ్చులు. పైకప్పుకు తాపడం చేసిన ఇత్తడి రేకుల మీద ఎండ పడి, కింద నిలబడిన జనం ముఖాలు పసుపు పూసినట్టు మెరుస్తున్నాయి. పట్టపుటేనుగు నుదుట సింధూరంతో తామరపువ్వు దిద్దారు. నగారాలు, కొమ్ముబూరలు ఒక్కసారిగా మోగినప్పుడల్లా రాజవీధి మేడల మీది పావురాలు గుంపుగా లేచి, ఊరు చుట్టివచ్చి, మళ్లీ అక్కడే వాలుతున్నాయి.

ఆ సంబరమంతా కొన్నేళ్ల కిందటి కంకాళ కనుమ యుద్ధంలో పోరాడి ప్రాణాలతో తిరిగివచ్చిన సైనికుల కోసం. వాళ్లు మంటపం మెట్ల దగ్గర వరుసగా నిలబడి ఉన్నారు. చెయ్యి లేనివాడు, కన్ను లేనివాడు, పైకి ఏ లోపమూ కనబడకపోయినా చిన్న చప్పుడుకే ఉలిక్కిపడేవాడు, అన్ని రకాలవాళ్లూ ఆ వరుసలో ఉన్నారు.

చివరన నిలబడినవాడి పేరు కాచన. ముప్పయ్యేళ్లు దాటని ఈటెగాడు, పొడగరి, చామనఛాయ మనిషి. ఎడమచేయి మోచేతి నుంచి వేళ్ల కొసల దాకా నల్లరాయి. ఆనాడు మరుకచ్ఛ దేశపు సేన కనుమ ఎక్కి వస్తున్నప్పుడు, అప్పటి రాజు విజయకేతుడికి సాయం వచ్చిన మాంత్రికుడు జంభకుడు శిలాభస్మం చల్లాడు. శత్రువులు నిలబడినవాళ్లు నిలబడినట్టే రాళ్లయ్యారు. గాలి మళ్లి ఒక పిడికెడు భస్మం సొంత సేన మీద కూడా పడింది. కాచన చేయి అలా పోయింది.

చేయితో పాటు ఇంకేదో కూడా పోయింది. అదేమిటో అతనికి తెలియదు. యుద్ధం నుంచి వచ్చిన రోజున తల్లి అతనికి ఇష్టమని పనసపొట్టు కూర వండి పెట్టింది. తిన్నాడు, రుచి తెలియలేదు. చెల్లెలి పెళ్లిలో అందరితో పాటు అక్షింతలు వేశాడు. ఆ మరుసటి ఏడు తల్లి చనిపోతే పాడె మోసి వచ్చి, స్నానం చేసి, పడుకుని నిద్రపోయాడు. వాడి గుండె కూడా రాయి అయిందని ఊళ్లోవాళ్లు అనుకున్న మాట అతని చెవిన పడింది. కోపం రాలేదు.

యువరాజుగా ఉండి తండ్రి మరణం తరువాత పట్టాభిషిక్తుడైన ఉదయకేతుడు స్వయంగా మెట్లు దిగివచ్చి ఒక్కొక్క సైనికుడికీ పట్టుశాలువా కప్పి, బంగారు వీరకంకణం తొడుగుతున్నాడు. కాచన దగ్గరికి వచ్చి ఏ చేతికి తొడగాలో తెలియక ఒక్క క్షణం ఆగాడు. కాచన కుడిచేయి చాచాడు. కంకణం తొడిగి, ఏం కావాలో కోరుకొమ్మన్నాడు రాజు. ఏమీ వద్దన్నాడు కాచన. జనం అది వినయమనుకుని జయజయధ్వానాలు చేశారు. నిజానికి అతనికి ఏమీ కావాలనిపించలేదు, అంతే.

అప్పుడు వందిమాగధుడు గొంతు సవరించుకుని, "రేచన నాయకుడు" అని పిలిచాడు.

కాచన తల తిప్పి చూశాడు. కనుమలో తాను స్పృహ తప్పి పడిపోతే భుజాన వేసుకుని కొండ దింపినవాడు రేచన. ఆ దిగుడులోనే, రాయి కాకుండా తప్పించుకున్న శత్రువు ఒకడు విసిరిన గొడ్డలి తగిలి అతని కుడికాలు పోయింది. వరుసలో రేచన లేడు. వందిమాగధుడు రెండోసారి పిలిచాడు. మంటపానికి దక్షిణం వైపు, తీర్పు కోసం తెచ్చి కూర్చోబెట్టిన నేరస్తుల మధ్య నుంచి గొలుసుల చప్పుడు వినబడింది.

"ఇక్కడున్నాను ప్రభూ."

శోణగిరిలో విజయదినాన రాజు ముందు వీరులను సన్మానించి, ఆ తరువాత పన్ను ఎగవేసినవాళ్లకు తీర్పు చెప్పడం పాత ఆచారం. ఒకే మనిషి రెండు పనులకూ రావడం మాత్రం ఎన్నడూ జరగలేదు. కొయ్యకాలితో, చంకకింద ఊతకర్రతో, మెడలో గొలుసుతో రేచన మెల్లగా నడిచి వచ్చాడు. శాలువా పట్టుకున్న పరిచారకుడు దాన్ని గొలుసు మీద కప్పాలో, గొలుసు కింద కప్పాలో తేల్చుకోలేక రాజు ముఖం చూశాడు. ఉదయకేతుడు శాలువా అందుకుని గొలుసు మీదనే కప్పాడు. జనంలో కొందరు జయజయ అనబోయి మధ్యలో మానేశారు.

తరువాత తీర్పు మొదలైంది. రేచన నేరం దాచేదేమీ కాదు. పండిన జొన్నలో ఆరోవంతు రాజుకు ఇవ్వాలి. ఆ ఏడు పంట పోయిందని అతను గ్రామాధికారికి చెప్పాడు. అధికారి భటులు పెరట్లో తవ్వితే పాతర నిండా జొన్నలు బయటపడ్డాయి. నువ్వేమంటావని రాజు అడిగాడు.

"దాచాను ప్రభూ," అన్నాడు రేచన. "కాలు ఇచ్చినవాణ్ణి, గింజలు కూడా ఇవ్వాలా అనిపించింది. ఇప్పుడు చూస్తే అది సరైన లెక్క కాదు. మా పక్క పొలం ముసలాయనకు కాలు పోలేదు, కొడుకు పోయాడు. ఆయన పన్ను కట్టాడు."

అంతవరకూ సింహాసనం వెనుక నీడలో కూర్చున్న జంభకుడు లేచి ముందుకు వచ్చాడు. అతను నడిచి వస్తుంటే పొగ లేచి వస్తున్నట్టుంది. బూడిద రంగు దేహం, మోకాళ్ల దాకా వేలాడే జడలు, ఆ జడల్లో అల్లిన పాము కుబుసాలు, మెడలో డేగగోళ్ల హారం. చేతిలోని నల్లమొద్దు దండం చివర ఉసిరికాయంత స్ఫటికం రెప్ప లేని కన్నులా వెలుగుతున్నది. గొంతు మాత్రం జోలపాట పాడే తల్లి గొంతంత మెత్తన. పన్ను ఎగవేసినవాణ్ణి రాయిగా మార్చే శిలాదండన అమలులోకి వచ్చినప్పటి నుంచి రాజ్యంలోని ధాన్యాగారాలన్నీ నిండుగా ఉన్నాయని, వీరుడని ఒకణ్ణి వదిలితే రేపు ప్రతి ఇంటి నుంచీ ఒక వీరుడు బయలుదేరతాడని చెప్పాడు.

మహామంత్రి మేధానిధి ఒప్పుకోలేదు. ఆయన ఎనభయ్యో పడిలో ఉన్న మనిషి, నిలబడి మాట్లాడటానికి ఇద్దరు పట్టుకోవాలి. ఇవ్వలేనివాడు వేరు, ఇవ్వనివాడు వేరు అన్నాడాయన. కరువొచ్చిన ఏడు ఇవ్వలేని పల్లెలవాళ్లను కూడా రాళ్లు చేశారని, గుప్పెడు దాచినవాడూ, గాదె దాచినవాడూ ఒకే రాయి అయితే ఇక ఈ సభలో తూచడానికి ఏమీ మిగలదని అన్నాడు. పూర్వపు శాసనం ప్రకారం దాచిన దానికి రెట్టింపు వసూలు చేసి, ఒక వేసవి చెరువు గట్ల మీద పని చేయించేవాళ్లు. నిజంగా పంట పోయినవాడికి పన్ను మాఫీ చేసేవాళ్లు.

రాజు ఇద్దరి మాటలూ విన్నాడు. సైనికుల వరుస వైపు తిరిగి, మీతో కలిసి పోరాడినవాడు కనుక మీ అభిప్రాయం కూడా కావాలన్నాడు. కంకణాలు తొడుక్కున్న చేతులు అప్పటికే బరువెక్కాయి. కాచన ఒక్కడే ముందుకు వచ్చాడు.

"ప్రభూ, రేచనన్న చేసింది తప్పే. రెట్టింపు తీసుకోండి. చెరువు పనికి పంపండి. ఒంటికాలితో గంప మోయలేడు గానీ, కూర్చుని తట్టలు అల్లగలడు. అది శిక్ష. రాయిని చెయ్యడం శిక్ష కాదు."

"ఎందుకు కాదు?"

కాచన ఎడమచేయి పైకెత్తి చూపించాడు. "దీన్ని నిప్పుల్లో పెట్టినా నాకు తెలియదు. ఇది సిగ్గుపడదు, భయపడదు, బుద్ధి తెచ్చుకోదు. శిక్ష పడిందని తెలియడానికి లోపల మనిషంటూ ఒకడుండాలి కదా. రాతిలో ఎవరూ ఉండరు. ఎవరూ లేని చోట దండన వేసి ఏం లాభం?"

జంభకుడు చిన్నగా నవ్వాడు. "దండన రాయికి కాదు నాయనా. రాయిని చూసేవాళ్లకు."

ఉదయకేతుడు కాచన రాతిచేతినీ, గొలుసు మీది శాలువానూ మార్చి మార్చి చూశాడు. ఆఖరికి, చూసేవాళ్ల భయం కోసం ఒకడి ప్రాణం తీసుకోవడం తనకు న్యాయంగా తోచడం లేదని, పూర్వపు శాసనమే రేచనకు వర్తిస్తుందని ప్రకటించాడు. భటుడు తాళం తీయడానికి గొలుసు అందుకున్నాడు.

"ఆగు," అన్నాడు జంభకుడు. ఆ గొంతు ఇంకా మెత్తగానే ఉంది. "మీ తండ్రిగారు కంకాళ కనుమలో కత్తి మీద చేయి వేసి నాకొక మాట ఇచ్చారు. యుద్ధం గెలిపించినందుకు, ఈ రాజ్యంలో పన్ను ఎగవేసిన ప్రతివాడూ నావాడు. వాళ్లను రాళ్లు చేసి కనుమకు అడ్డంగా కోటగోడ కట్టాలి. ఇదీ మాట. ఎవరిని వదలాలో చెప్పే హక్కు మీకు లేదు ప్రభూ."

రాజు జవాబు చెప్పేలోపల దండం చివరి స్ఫటికం తళుక్కుమంది. రేచన కాచన వైపు చూసి ఏదో చెప్పబోయాడు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. కొయ్యకాలు, ఊతకర్ర, గొలుసు, శాలువా, శాలువా అంచు జరీ, అన్నీ ఒకే బూడిదరంగు రాయి అయ్యాయి. దూరంగా ఉన్న నగారాలవాళ్లకు జరిగింది తెలియక, తరువాతి వీరుడి కోసం వాయించసాగారు. ఎవరో పరుగెత్తుకెళ్లి ఆపించారు.

కాచన కదలలేదు. ఏడుపు రావాలని అతనికి తెలుసు. రాలేదు.

సభ చెదిరిపోయాక మేధానిధి అతన్ని ఏనుగుల సాలకు పిలిపించుకున్నాడు. తండ్రి ఇచ్చిన మాటను కొడుకు తప్పలేడని, జంభకుడే ముందు మాట తప్పాడని రుజువైతే మాత్రం ఒప్పందం చెల్లకుండా పోతుందని చెప్పాడు. ఇన్నేళ్లుగా బండ్లకు బండ్లు రాళ్లు వెళుతున్నాయి. కనుమలో గోడ లేచినట్టు చూసినవాడు ఒక్కడూ లేడు. చూసిరమ్మని పంపిన వేగులూ తిరిగి రాలేదు.

"ఈసారి రాళ్లతో పాటు రాయిగానే వెళ్లాలి. వెళతావా?" అన్నాడు ముసలి మంత్రి.

కాచన సరేనన్నాడు. భయం లేదా అని మంత్రి అడిగాడు.

"భయం వేస్తే బావుండును తాతా," అన్నాడు కాచన.

మావటివాళ్లు తుమ్మజిగురులో రాతిపొడి, సున్నం, బూడిద కలిపి అతని ఒళ్లంతా పూశారు. జుట్టును మట్టితో ముద్ద చేశారు. ఆరిన తరువాత ఎడమచేయి ఏదో, కుడిచేయి ఏదో పోల్చుకోలేనట్టు తయారైంది. మధ్యాహ్నం బండ్లు కట్టే చోట గడ్డిమోపుల చాటు నుంచి అతన్ని మోసుకొచ్చి, బండిలో రేచన పక్కన నిలబెట్టారు.

ఆ బండ్లను లాగేవి ఖడ్గమృగాలు. తోలేవాళ్లు జంభకుడి బంట్లు. ఒళ్లంతా ఎర్రని వెంట్రుకలు, కుక్కమూతులు, నడుముకు ఎముకల మొలతాళ్లు. వాళ్లు కొరడా ఝళిపించగానే బండ్లు దుమ్ము లేపుకుంటూ అడవిలోకి దూసుకుపోయాయి. ఏగిసచెట్ల కొమ్మలు ముఖానికి కొడుతున్నాయి. ఒకచోట చెట్టు మీది ఎర్రచీమల గూడు తెగి కాచన మెడ మీద పడింది. చీమలు పూత పగుళ్లలోంచి లోపలికి దూరి కొరికాయి. కాచన రెప్ప కూడా కదపలేదు. మంట తెలుస్తూనే ఉంది, అయితే అది ఎవరో పొరుగింటివాడి ఒంటి మీద మంటలాగా దూరంగా ఉంది.

రెండో రోజున నీలవేణి నది లోయ వచ్చింది. రెండు కొండల మధ్య ఇనుపగొలుసులకు బల్లలు బిగించి కట్టిన వంతెన వేలాడుతున్నది. కింద ఎంతో లోతున నది దారప్పోగులా ఉంది. బంట్లు బండ్లను ఒక్కొక్కటిగానే దాటించారు. ఒక బండి అవతల దిగేవరకూ మరోదాన్ని ఎక్కనివ్వలేదు.

కాచన ఉన్న బండి వంతెన మధ్యకు వచ్చేసరికి నెత్తిమీద ఎండ ఆరిపోయింది. రెండు తలల గండభేరుండ పక్షి ఒకటి మేఘంలా కిందికి దిగింది. దాని రెక్కల గాలికి వంతెన ఉయ్యాలలా ఊగింది. ఒక తల ఖడ్గమృగం మూపును పట్టుకుని పీకుతుంటే, రెండో తల బండిలోని రాళ్లను వాసన చూసింది. ఒక రాయిని పొడిచింది, ముక్కు జిల్లుమంది. మరో రాయిని పొడిచింది. మూడోసారి కాచన తొడను పొడిచింది. మాంసం చీలి నెత్తురు వచ్చింది. పక్షి రుచి తెలిసినట్టు తల వంచి చూసింది. కాచన ఆకాశంలోకి చూస్తూ అలాగే ఉన్నాడు. ఇంతలో బంట్లు కాగడాలు విసిరారు. పక్షి ఖడ్గమృగాన్ని కాడి నుంచి తెంపుకుని, రెండు నోళ్లతో అరుస్తూ లోయలోకి జారిపోయింది.

ఒక బంటు వచ్చి కాచన తొడ మీది ఎర్రని మరకను చూశాడు. వేలితో తాకి, పక్షి నోటి నెత్తురు కాబోలనుకుని, బండి కాడి తానే భుజాన వేసుకున్నాడు.

మూడో రోజు మిట్టమధ్యాహ్నానికి బండ్లు జంభకుడి లోయ చేరాయి. చుట్టూ కత్తుల్లా నిలబడిన తెల్లని శిఖరాలు, వాటి నుంచి చప్పుడు లేకుండా రాలే జలపాతాలు, ఆ నీటి తుంపరలో ఎప్పటికీ చెదరని ఇంద్రధనుస్సు. నేలంతా నీలిరంగు గడ్డి, గడ్డిలో వెండి గంటల్లాంటి పువ్వులు. ఇంతటి అందమైన చోట ఒక్క పిట్ట కూత లేదు, ఒక్క తుమ్మెద లేదు. ఆ నీలి మైదానంలో కొండ అంచు దాకా రాతి మనుషులు బారులు తీరి నిలబడి ఉన్నారు. నాగలి పట్టుకున్నవాళ్లు, చంటిబిడ్డను ఎత్తుకున్న ఆడవాళ్లు, దండం పెడుతూ రాయి అయినవాళ్లు. మరుకచ్ఛ సైనికులు కూడా ఉన్నారు, ఈటెలతో సహా. గోడ అన్నది ఎక్కడా లేదు.

బంట్లు కొత్త రాళ్లను దించి చివరి వరుసలో నిలబెట్టారు. కాచన, పక్కన రేచన. కొంతసేపటికి ఆకాశంలో నుంచి డేగరెక్కల పల్లకి దిగింది. జంభకుడు బయటికి వచ్చి, దండం ఎత్తి స్ఫటికాన్ని సూర్యుడికి పట్టాడు. దాని నుంచి దారంలాంటి వెలుగు బయలుదేరి వరుసల మీదుగా పాకింది. వెలుగు తాకిన చోటల్లా రాతి రెప్పలు కదిలాయి. కళ్లు అటూఇటూ తిరిగాయి గానీ వాటిలో చూపు లేదు.

"అడుగు వెయ్యండి," అన్నాడు జంభకుడు.

వేల రాతి పాదాలు ఒక్కసారిగా లేచి దిగాయి. కొండలు దద్దరిల్లాయి. అందరితో పాటు కాచన కూడా అడుగు వేశాడు. రేచన కొయ్యకాలు ఇప్పుడు రాతికాలు, కుంటకుండా నడిచింది.

జంభకుడు సంతృప్తిగా తన పెద్దబంటుతో, ఎల్లుండికల్లా శోణగిరి తన చేతిలో ఉంటుందన్నాడు. "పన్ను ఇచ్చినవాళ్లు రాజు గాదెలు నింపారు. ఇవ్వనివాళ్లు నా సేన అయ్యారు. ఎంత కఠినంగా ఉంటే అంత మంచిరాజు అని ఉదయకేతుడి తండ్రికి నేర్పింది నేనే. వాడు కఠినంగా ఉన్నకొద్దీ నాకు సైనికులు పెరిగారు."

కాచనకు కావలసిన రుజువు దొరికింది. ఇక చీకటి పడేదాకా కదలకుండా ఉంటే చాలు. అయితే లోయలో ఎండ నిప్పులు చెరుగుతున్నది. పూత కింద అతని ఒళ్లు తడిసిపోయింది. గడ్డం కొస నుంచి ఒక చెమటచుక్క, సున్నంతో తెల్లబడి, నీలిగడ్డి మీద పడింది. వరుసలు చూసుకుంటూ వస్తున్న జంభకుడు ఆ తెల్లని చుక్క దగ్గర ఆగాడు. తలెత్తి కాచన ముఖంలోకి చూశాడు. రేచన వైపు తిరిగి, "వీణ్ణి పిండి చెయ్యి," అన్నాడు.

రాతి పిడికిలి గాలిని చీల్చుకుంటూ వచ్చింది. కాచన ఎడమచేయి అడ్డం పెట్టాడు. రాయికి రాయి తగిలి నిప్పురవ్వలు ఎగిరాయి. అతని రెండు రాతివేళ్లు విరిగి దూరంగా పడ్డాయి. రెండో దెబ్బ పడకముందే కాచన కిందికి వంగి, బంటు ఒకడి కాళ్ల మధ్యగా దూరి, పరుగు లంకించుకున్నాడు.

వెనుక భూమి అదిరింది. చివరి వరుస మొత్తం అతని వెంట పడింది. రాళ్లు అలసిపోవు. కాచన తొడ గాయం తెరుచుకుని నెత్తురు కారుతున్నది. బండిజాడ పట్టుకుని, వాలు ఉన్నచోట దొర్లుతూ, పొదలున్నచోట దూకుతూ పరుగెత్తాడు. తలవెనుక ఎవరో విసిరిన రాతినాగలి చెట్టును నరికేసింది. పొద్దు వాలేసరికి లోయ మీది వంతెన కనబడింది.

అతను వంతెన ఎక్కి సగం దూరం వెళ్లి ఆగాడు. వెనక్కి తిరిగి నిలబడ్డాడు. రేచన అందరికన్నా ముందు వస్తున్నాడు, వెనుక మిగతావాళ్లు గుంపుగా బల్లల మీదికి ఎక్కారు. ఒక్క బండిని మించి మోయలేని గొలుసులు మూలగసాగాయి. కాచన కదలకుండా చూస్తూ ఉన్నాడు. రేచన చేయి చాచితే అందేంత దగ్గరికి వచ్చాడు.

"అన్నా," అన్నాడు కాచన.

రాతి ముఖంలో మార్పు లేదు. అప్పుడు గొలుసు తెగింది. వంతెన మధ్యకు విరిగి, రాతి మనుషులంతా వడగళ్లలా నదిలోకి రాలిపోయారు. రేచన కూడా. కాచన కుడిచేత్తో గొలుసు ముక్క పట్టుకుని ఇవతలి కొండకు ఢీకొన్నాడు. బల్లల సందుల్లో కాళ్లు పెట్టి మెల్లగా పైకి ఎక్కాడు.

అవతలి గట్టు మీద జంభకుడు నిలబడి ఉన్నాడు. తిట్టలేదు, కేకలు వేయలేదు. దండంతో సైగ చేసి, మిగిలిన సేనను కొండ చుట్టూ తిరిగి పోయే పెద్దదారికి మళ్లించాడు. ఒక్కసారి కిందికి, నది వైపు చూసి తల ఊపి వెళ్లిపోయాడు.

ఆ తల ఊపడం కాచనకు అర్థం కాలేదు. అంచుకు వచ్చి తొంగిచూశాడు. రాళ్లు పడ్డ చోట నీళ్లు తేటపడ్డాయి. ఆ దిగువన, ప్రవాహంలో, నీటి మీద వరుసగా తెల్లని సుడులు లేస్తూ ముందుకు పోతున్నాయి. అది చేపల గుంపు కాదు. రాతి మనుషులు నది అడుగున నడుస్తున్నారు. నీలవేణి తిన్నగా శోణగిరిలోకి దారి తీసే నీటివాకిలి కిందికే పోతుంది. విజయోత్సవాల పడవల కోసం ఆ వాకిలి ఇనుపకమ్మీలను ఇంకా పైకెత్తే ఉంచారు.

కాచన కొండవాలు పట్టుకుని కిందికి దిగాడు. రేవులో జాలరులు వదిలేసి వెళ్లిన పుట్టి ఒకటి తలకిందులుగా ఉంది. దాన్ని నీళ్లలోకి తోసి ఎక్కి, వెదురుగడతో అడుగును నెట్టుకుంటూ ప్రవాహంలోకి పోనిచ్చాడు. తానే ముందు చేరాలి, వాకిలి మూయించాలి. గడ వేసిన ప్రతిసారీ ఇసుక తగలాల్సిన చోట ఠంగుమని రాయి తగులుతున్నది. భుజం, తల, ఎవరిదో చంకలోని బిడ్డ. వెన్నెల్లో నీళ్లు అద్దంలా ఉన్నాయి. తాను వాళ్ల మీదుగా పోతున్నాడు. వాళ్లెవరూ తలెత్తి చూడడం లేదు.

వరుసల ముందు భాగం దాటబోతుండగా గడ మళ్లీ కింద పెట్టాడు. పైకి లాగితే రాలేదు.

పుట్టి గిర్రున తిరిగి ఆగింది. కాచన అంచు మీదుగా వంగి చూశాడు. అడుగున రేచన నిలబడి, రెండు చేతులతో గడ కొసను పట్టుకుని ఉన్నాడు. రాతి శాలువా భుజాన అలాగే ఉంది. సభలో తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. కళ్లు మాత్రం, చూపు లేని ఆ కళ్లు, పైకి, సరిగ్గా కాచన ముఖంలోకి తిరిగి ఉన్నాయి. పుట్టిని కిందికి లాగే బలం అతనికి ఉంది. లాగడం లేదు. మిగతావాళ్లు అడుగులు వేస్తూ పోతుంటే, అతనొక్కడే జంభకుడి ఆజ్ఞకు ఎదురుగా ఆగిపోయి ఉన్నాడు.

రాతిలో ఎవరూ ఉండరని కాచన నిండుసభలో చెప్పాడు.

ఎగువ నుంచి మిగతా తలలు బారులు బారులుగా దగ్గరపడుతున్నాయి. గడ వదిలేస్తే పుట్టి ప్రవాహంలో ముందుకు పోతుంది, నగరానికి సమయానికి చేరుకోవచ్చు. కాచన గడను విరిగిన వేళ్ల ఎడమచేతి చంకలో ఇరికించుకుని, కుడిచేయి భుజం దాకా నీళ్లలో ముంచి, కిందికి, రేచన వైపు చాచాడు.